ఎంత దూరం కొడ్తది?

కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టుపక్కల ఎలక్ట్రికల్ దుకాణాల ముందు ఒక పావుగంట ఊరికే నిలబడి చూడండి. టార్చిలైటు కొనడానికి వచ్చిన ప్రతి మగవాడూ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "సేటూ, గిది ఎంత దూరం కొడ్తది?"

దుకాణదారు తక్కువవాడా! లైటు వెలిగించి, రోడ్డవతల మూడంతస్తుల మేడ మీది నీళ్ల ట్యాంకు మీద వెలుగు పెట్టి, "అగో, సూడున్రి" అంటాడు. బేరం కుదిరిపోతుంది. ఇది ఎంత వెడల్పు పరుచుకుంటుంది, కాళ్ల ముందు గడ్డిలో ఏమున్నదో చూపిస్తుందా లేదా అని అడిగినవాళ్లను నేనింతవరకూ చూడలేదు. ఆడవాళ్లయితే అడుగుతారేమో. కానీ టార్చిలైటు కొనడానికి మనల్ని ఎవరు పంపుతారు చెప్పండి? మన వంతు దాన్ని చార్జింగుకు పెట్టడం, వెతికి చేతికివ్వడం, పట్టుకుపోయినవాళ్లు తిరిగొచ్చేదాకా మేలుకొని ఉండడం.

అందుకే ఈ దూరం సంగతేమిటో ఒకసారి విప్పి చూడాలనిపించింది. నేను బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని. లెక్కలంటే భయం లేకపోలేదు. అయినా ఇందులో ఉన్న లెక్క వంటింట్లో అర్థమయ్యేదే.

వెలుగుకు రెండు కొలతలున్నాయి. ఒకటి, దీపం అన్ని వైపులకీ ఇచ్చే మొత్తం వెలుగు. దాన్ని ల్యూమెన్లలో కొలుస్తారు. రెండోది, ఒకే వైపు ఎంత తీవ్రంగా పోతున్నదనేది. దానికి క్యాండెలా అని పేరు. వాకిట్లో సాన్పు చల్లుతాం చూడండి, బక్కెట్లో ఉన్న నీళ్లన్నీ ల్యూమెన్లు. ఆ నీళ్లనే పైపులోంచి వదిలి, మూతి దగ్గర బొటనవేలు అదిమిపెడితే సన్నని ధార గోడ దాకా పోతుంది. ఆ ధార జోరు క్యాండెలా. నీళ్లు పెరగలేదు, పోయే తీరు మారిందంతే. దుకాణంలో ఎదుటి ట్యాంకు మీద పడ్డ వెలుగును చూసి "అబ్బ, ఎంత వెలుగు" అనుకుంటాం గాని, అది సన్నని ధార మాత్రమే కావచ్చు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఒకే పిండి ముద్దను జొన్నరొట్టెగా తడుతున్నామనుకోండి. రొట్టె అడ్డమూ నిలువూ రెట్టింపు అయితే మందం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. వెలుగూ అంతే. దూరం రెట్టింపు అయ్యేసరికి ఎదుటి వస్తువు మీద పడే వెలుగు నాలుగో వంతుకు పలచబడుతుంది. కనుక ఒక లైటు కంటే ఇంకో లైటు రెట్టింపు దూరం కొట్టాలంటే రెట్టింపు తీవ్రత చాలదు, నాలుగింతలు కావాలి. మూడింతల దూరానికి తొమ్మిదింతలు. "ఇది దానికి డబల్ పవరు" అని అమ్మినవాడు డబల్ దూరం ఇచ్చినట్టు కాదన్నమాట.

మరి దూరం ఎక్కడితో ఆగిందని లెక్క? వెలుగు ఎక్కడా టక్కున ఆగిపోదు కదా. ఇక్కడే నాకు ముచ్చటేసిన సంగతి ఒకటుంది. 2009లో అమెరికాలో టార్చిలైట్ల తయారీదారులు ఒక ప్రమాణం ఏర్పాటు చేసుకున్నారు. లైటు వెలుగు పలచబడి పలచబడి, నిండు పున్నమి వెన్నెలంత మిగిలే చోటును దాని దూరంగా పెట్టుకున్నారు. కొలతలో చెప్పాలంటే పావు లక్సు. ఇవాళ పేరున్న కంపెనీల పెట్టెల మీద 200 మీటర్లు, 400 మీటర్లు అని ఉండేది ఆ దూరమే. వెన్నెలను ఇంతకాలం కవులు వాడుకున్నారనుకున్నాను, ఇంజనీర్లూ వదల్లేదు!

ఈ లెక్కన మామూలు కొవ్వొత్తి తీవ్రత సుమారు ఒక క్యాండెలా. కొవ్వొత్తి ముందు రెండు మీటర్ల దూరంలో నిలబడితే మన మీద పడేది పున్నమి వెన్నెలంత వెలుగు. కాబట్టి కొవ్వొత్తి దూరం రెండు మీటర్లు. 100 మీటర్లకు 2,500 కొవ్వొత్తుల తీవ్రత, 200 మీటర్లకు 10,000, 400 మీటర్లకు 40,000 కావాలి. ఈ కొవ్వొత్తి కూడా ఆషామాషీ కొలత కాదు సుమండీ. 1860లో ఇంగ్లండులో చట్టం చేసి మరీ, తిమింగలం తలలోని కొవ్వుతో చేసిన కొవ్వొత్తి గంటకు ఇంత బరువు కాలితే దాని వెలుగు ఒక క్యాండిల్ పవర్ అని నిర్ణయించారు. క్యాండెలా అనే అంతర్జాతీయ కొలత 1948లో వచ్చింది.

మన వైపు జనానికి ఆ చట్టాలతో పనిలేదు, అసలు వెన్నెలే ఉండేది. సంతకు పోయి పొద్దుగూకినాక తిరిగొచ్చే బండ్లకూ, కళ్లంలో రాత్రి పనికీ వెన్నెల పక్షమా, చీకటి పక్షమా అని చూసుకునేవారు. జోడేఘాట్‌లో కుమ్రం భీం వర్ధంతిని ఈనాటికీ తేదీతో కాకుండా ఆశ్వయుజ పున్నమితో లెక్కపెట్టి జరుపుకుంటారు. కేస్లాపూర్ నాగోబా దగ్గర మాత్రం దీనికి పూర్తిగా ఎదురు. మెస్రం వంశం వాళ్లు గోదావరి జలం కాలినడకన తెచ్చి మహాపూజ చేసేది పుష్య అమావాస్య రాత్రి. వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను తెల్లచీరలతో దేవుడికి చూపించే భేటింగ్ కూడా అప్పుడే. సంవత్సరంలోకెల్లా చిక్కని చీకట్లలో ఒకదాన్ని ఎంచుకుని, అందులో చేతి దీపాలతో కోడలి ముఖం చూడడం! అక్కడ ఎంత దూరం కొడుతుందన్న ప్రశ్నే రాదు.

బ్యాటరీ రాకముందు దూరం కొట్టే దీపమంటే కాగడానే. కర్రకు గుడ్డ పేలికలు చుట్టి, ఆముదంలో తడిపి వెలిగించేవారు. అది ఆరకుండా నూనె పోస్తూనే ఉండాలి, పట్టుకున్నవాడి మొహానికి సెగ, పైన పొగ. దొర గడీ నుంచి కదిలినా, పెళ్లి ఊరేగింపు బయల్దేరినా ఆ దివిటీ పట్టేది, ఇవాళ రజకులంటున్న చాకలివాళ్లు. వెట్టిపనుల్లో అదొకటి. వెలుగు ఒకరిది, చెయ్యి ఇంకొకరిది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. టార్చిలైటు చరిత్ర రాసేవాళ్లు దాని బల్బు గురించీ సెల్లు గురించీ చెబుతారు గాని, ఒక మనిషి తన దారికి కావలసిన వెలుగును తన చేతిలోనే పట్టుకుని పోవచ్చన్నది మా ఊళ్లలో ఎంత పెద్ద మార్పో చెప్పరు.

కాగడాకూ బ్యాటరీకీ మధ్య కందీలు ఉన్నది. గ్యాసునూనెతో వెలిగే ఈ కందీలును బండి ఇరుసు కింద వేలాడదీసేవారు. ఎద్దుల కాళ్ల నీడలు దారి పొడుగునా కదులుతుండేవి. కందీలు గుణమేమిటంటే చుట్టూ వెలుగిస్తుంది, ఏ వైపూ దూరం పోదు. ఎత్తి పట్టుకుంటే పట్టుకున్నవాళ్ల కళ్లకే మిరుమిట్లు. అందుకే తెలిసినవాళ్లు మోకాలి కిందికి దించి పట్టుకుంటారు. ఇంట్లో ఎక్కబుడ్డి సంగతి చెప్పనక్కర్లేదు, దాని రాజ్యం పొయ్యి దాకా. ఒగ్గుకథకూ పెళ్లికీ మాత్రం పెట్రోమాక్సు వచ్చేది. పంపు కొట్టి, మాంటిలు వెలిగేలోపు పిల్లలంతా దాని చుట్టూ చేరేవారు.

ఇక బ్యాటరీ. మా జిల్లాల్లో టార్చిలైటును బ్యాటరీ అనే అంటారు. లోపల వేసేవి సెల్లులు. "మూడు సెల్లుల బ్యాటరీ" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. 1866లో ఫ్రాన్సు దేశస్థుడు లెక్లాంషే కనిపెట్టిన తడి సెల్లును, 1880లలో కార్ల్ గాస్నర్ అనే జర్మన్ వైద్యుడు ఒలికిపోని పొడి సెల్లుగా మార్చాడు. 1899లో డేవిడ్ మిసెల్ అనే ఆయన గొట్టంలాంటి చేతిలైటుకు అమెరికాలో పేటెంటు పొందాడు. న్యూయార్కులో వ్యాపారం చేస్తున్న కాన్రాడ్ హ్యూబర్ట్ దాన్ని అమ్మకానికి పెట్టి, ప్రచారం కోసం అక్కడి పోలీసులకు కొన్ని ఇచ్చాడు. ఆ కాలపు సెల్లులు బలహీనం. ఎక్కువసేపు వెలగలేక, నొక్కినప్పుడల్లా ఒక మెరుపు మెరిసి ఊరుకునేవి. అందుకే అమెరికావాళ్లు దాన్ని ఫ్లాష్‌లైటు అన్నారు. పేరు ఇప్పటికీ అదే, మెరిసి ఊరుకోవడం మాత్రం పోయింది.

మనదేశంలో ఎవరెడీ 1934లో కలకత్తాలో కంపెనీగా నమోదయింది. తరువాత జీప్ వచ్చింది. 1972లో జపాన్ సహకారంతో మొదలైన కంపెనీ నెల్లూరు జిల్లా నుంచి నిప్పో సెల్లులు పంపడం ప్రారంభించింది. ఊళ్లోకి బ్యాటరీ మొదట పటేలుకో పట్వారీకో వచ్చేది. వాళ్ల చేతుల్లో ఉండేవి ఐదు సెల్లులవి. సెల్లులే అరకిలో దాకా తూగేవి. వెలుగుకు వెలుగు, కర్రకు కర్ర. నడివీధిలో నిలబడి ఊరవతల తాటిచెట్టు తల మీద వెలుగు పెడితే, అది చెట్టును చూడడానికి కాదు, ఆయన వస్తున్నాడని ఊరు చూడడానికి. "ఎంత దూరం కొడ్తది" అనే ప్రశ్న పుట్టింది అక్కడేనని నా అనుమానం.

దూరం నిజంగా కావలసినవాళ్లు ఒకరున్నారు, షికారీలు. నిజాం కాలంలో ఆదిలాబాద్ అడవులు షికారుకు పెట్టింది పేరు. రాత్రి అడవిలో జంతువు మొత్తం కనపడనక్కర్లేదు. సన్నని ధార వెళ్లి దాని కళ్ల మీద పడితే చాలు, కంటి వెనక ఉండే పొర అద్దంలా ఆ వెలుగును తిప్పి కొడుతుంది. చీకట్లో రెండు నిప్పుకణికలు. పాపం, తన కళ్లే తన ఉనికి చెప్పేస్తాయి. 1972 వన్యప్రాణి చట్టంతో ఆ వేట నేరమయింది. 1965 నాటి కవ్వాల అభయారణ్యం 2012లో పులుల అభయారణ్యమూ అయింది. కానీ దుకాణంలో అడిగే ప్రశ్న షికారీ ప్రశ్నగానే మిగిలిపోయింది.

ఇంతకీ ఆ పాత బ్యాటరీల బలమెంత? రెండు సెల్లుల లైటులో వాడిన మామూలు బల్బు మొత్తం వెలుగు సుమారు 10 ల్యూమెన్లు. కొవ్వొత్తి వెలుగు కూడా కాస్త అటూ ఇటూగా అంతే! నేను మొదట నమ్మలేదు. చిన్నప్పుడు మా తాత బ్యాటరీ వేస్తే పెరటి చివరి చింతచెట్టు కొమ్మలు లెక్కపెట్టేవాళ్లం. కొవ్వొత్తి పట్టుకుంటే చెట్టు మొదలే కనపడదు. తేడా అంతా బల్బు వెనక ఉన్న వెండిపూత గిన్నెది. అన్ని వైపులకీ చెదిరిపోయే వెలుగును అది ఒక్క వైపు తోస్తుంది. ఆ కొద్దిపాటి వెలుగునే నాలుగు వందల కొవ్వొత్తుల తీవ్రతకు కూడగడితే, పున్నమి లెక్కలో 40 మీటర్లు పోతుంది. ఇత్తడి టార్చి మూతి తిప్పితే గోడ మీద వెలుగు ముడుచుకుని చిన్న చుక్కవడం, మళ్లీ విప్పారి మధ్యలో నల్లటి మచ్చ పడడం మీకూ గుర్తుండే ఉంటుంది. సెల్లులు బలం తగ్గితే ఎండలో పెట్టేవారు. వేడికి లోపలి రసాయనం కాస్త చురుకై ఇంకో రెండు రాత్రులు వెలిగేది. పూర్తిగా చచ్చిన సెల్లు పగలగొడితే వచ్చే నల్లకడ్డీ పిల్లల సొత్తు, బండల మీద గీతలకు.

అమ్మమ్మకు మాత్రం ఆ చింతచెట్టుతో పనిలేదు. ఆమెను రాత్రిపూట పక్కింటికి తీసుకుపోతూ మేము బ్యాటరీ ఆకాశంలోకీ, చెట్ల మీదికీ వేస్తుంటే, "మీదికెందుకే బిడ్డా, కాళ్లకాడ కొట్టు, కాళ్లకాడ" అనేది.

కాళ్లకాడ కొట్టే వెలుగు గురించి చెప్పాలంటే బాయి గురించి చెప్పాలి. ఈ మాటకు మా వైపు రెండర్థాలు. జగిత్యాల పక్క పల్లెలో "బాయికాడికి పోయిండు" అంటే పొలంలో వ్యవసాయ బావి దగ్గరికి వెళ్లాడని. గోదావరిఖనిలోనో బెల్లంపల్లిలోనో "బాయికి పోయిండు" అంటే బొగ్గుగనిలోకి దిగాడని. రెండింటికీ పోయేవాడి దగ్గర లైటు ఉంటుంది. రెండిళ్లలోనూ ఒకామె ఎదురుచూస్తుంటుంది.

బొగ్గుబాయి లైటు కథ పాతది. గనుల్లో మండే వాయువు ఊరుతుంది, మామూలు మంట తగిలితే పేలుతుంది. 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని తీగల జల్లెడ బిగించి ప్రమాదం లేని దీపం చేశాడు. ప్రాణం కాపాడింది గాని దాని వెలుగు పాత కొవ్వొత్తి కంటే మసక. కార్మికులు సణుక్కున్నారట, సణుక్కోరూ మరి! అయితే దానికో విద్య ఉంది. వాయువు చేరితే మంట మీద నీలి టోపీ పెడుతుంది. అందుకే కరెంటు లైట్లు వచ్చాక కూడా చాలాకాలం గనుల్లో వాయువును కనిపెట్టడానికి ఆ దీపాన్నే తీసుకుపోయేవారు. 1914 ప్రాంతంలో ఎడిసన్ నడుముకు బ్యాటరీ, టోపీకి లైటు ఉండే దీపం తయారు చేశాడు. తల ఎటు తిప్పితే వెలుగు అటే. రెండు చేతులూ ఖాళీ.

సింగరేణి కంపెనీ 1920లో ఏర్పడింది. బెల్లంపల్లి గనులు 1920ల చివర, రామగుండం ప్రాంతపు గనులు 1960 ప్రాంతంలో మొదలయ్యాయి. తట్టా చెమ్మస్ పట్టినవాళ్ల నుంచి ఓవర్‌మెన్ దాకా అందరి తలల మీదా ఆ లైటే. మొన్నమొన్నటి దాకా వాడిన రకంలో నడుముకు కట్టే బ్యాటరీయే రెండు కిలోల పైచిలుకు. ఈ లైటు ఎంత దూరం కొట్టాలి? బాయిలో కిలోమీటరు దూరం చూసే అవసరం ఎక్కడుంది? మనిషి చూడవలసింది కాళ్ల కింది పట్టాలు, పక్కనున్న తోటి కార్మికుడు, అన్నిటికంటే ముఖ్యంగా నెత్తి మీది కప్పు. భూగర్భ గనుల్లో ఎక్కువ ప్రాణాలు తీసినవాటిలో కప్పు కూలడం ఒకటి. పగులు సన్నగా ఉన్నప్పుడే కంట పడాలి. దానికి మధ్యలో కొంత తీవ్రమైన చుక్క, చుట్టూ మెత్తగా పరుచుకునే వెలుగు రెండూ కావాలి. మరీ తీవ్రమైతే ఎదుటివాడి కళ్లు చీకట్లు కమ్ముతాయి. అందుకే మాట్లాడేటప్పుడు తల కాస్త పక్కకు తిప్పి మాట్లాడడం అక్కడ మర్యాద.

దిగేముందు ల్యాంపు రూములో ఎవరి నంబరు లైటు వాళ్లు తీసుకుంటారు, పైకొచ్చాక అదే గూట్లో పెడతారు. అక్కడే అది మళ్లీ చార్జింగు అవుతుంది. షిఫ్టు ముగిశాక ఏ గూడైనా ఖాళీగా ఉంటే ఆ నంబరు మనిషి ఇంకా పైకి రాలేదని అర్థం. 2003 జూన్ 16న గోదావరిఖనిలో 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. ఆ రోజు ఖాళీ గూళ్ల ముందు నిలబడిన ఆడవాళ్లకు లైటు వెలుగు ఎన్ని క్యాండెలాలైతే ఏమిటి? ఆ లైటు తిరిగి గూట్లో కనబడితే చాలు.

1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలో పనికి పెట్టకూడదన్నది. 2019లో కేంద్రం ఆ నిషేధాన్ని సడలించి, కొన్ని షరతులతో పగటి వేళ సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు స్త్రీలు దిగవచ్చన్నది. టోపీ లైటు ఆడదాని తల మీదికి రావడానికి, ఎడిసన్ నాటి నుంచి లెక్కపెట్టుకుంటే, నూరేళ్లు దాటాయి.

ఇక వ్యవసాయ బాయి. కరెంటు వస్తే బ్యాటరీ అటకెక్కుతుందని ఎవరైనా అనుకుంటారు. కరీంనగర్‌లో జరిగింది దీనికి తిరకాసు. దేశంలో మొదటి గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి 1970లో సిరిసిల్లలోనే పుట్టింది. ఊళ్లకు తీగలొచ్చాయి, బావులకు మోటర్లొచ్చాయి. మోటర్లు పెరిగిన కొద్దీ కరెంటు చాలక వంతులు పెట్టారు. పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు. 2004లో వ్యవసాయానికి కరెంటు ఉచితమయింది గాని, అర్ధరాత్రి వచ్చే కరెంటు అర్ధరాత్రే వచ్చింది. రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం, దాని పొగగొట్టాల మీది ఎర్ర దీపాలు రాత్రంతా కనబడుతుంటాయి. ఆ చుట్టుపక్కల రైతు మాత్రం రాత్రి రెండింటికి లేచి, బ్యాటరీ పట్టుకుని, గట్ల మీద నడిచి పోయి స్టార్టరు నొక్కాల్సి వచ్చేది. కరెంటే మా ఊళ్లలో ఇన్ని బ్యాటరీలు అమ్మించింది!

ఆ గట్ల మీద నాగుపాము, రక్తపింజర, కట్లపాము ఉంటాయి. వానాకాలంలో మరీ. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షలు, ఏడాదికి 58 వేల చొప్పున. అందులో సగం వానాకాలపు నాలుగు నెలల్లోనే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాము నాలుగు వందల మీటర్ల దూరంలో ఉంటే దాని దారిన అది పోతుంది, మన దారిన మనం పోతాం. చూడవలసింది రెండు గజాల్లో ఉన్నదాన్ని. సన్నని ధార కొట్టే లైటు అక్కడ పళ్లెమంత చోటు తెల్లగా మెరిపిస్తుంది. ఆ మెరుపుకు కళ్లు అలవాటుపడితే పక్కనున్న చీకటి మరింత నలుపవుతుంది. పాము ఉండేది ఆ పక్కనే. వెడల్పుగా పరుచుకునే వంద ల్యూమెన్ల లైటు, నీళ్ల ట్యాంకు దాకా కొట్టే వెయ్యి ల్యూమెన్ల లైటు కంటే ఇక్కడ మేలు. ఖరీదూ తక్కువే. కానీ దుకాణంలో దాన్ని వెలిగిస్తే ఎదురు మేడ మీద ఏమీ పడదు, కొనేవాడు పెదవి విరుస్తాడు.

మగవాళ్లను ఊరికే ఆడిపోసుకోవడం లేదు. మక్కచేనులో అడవిపందులు పడ్డ రాత్రి మంచె మీది నుంచి చేను అవతలి అంచు చూడాలంటే దూరమే కావాలి. అప్పుడు పాములతో ఆలోచన లేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటన్నారు. రాత్రి నడకలు చాలా తగ్గాయి, పందులు తగ్గలేదు. కనుక ప్రశ్న తప్పని కాదు, ఒక్క ప్రశ్నే అడగడం తప్పు.

ఇప్పుడు బల్బుల కాలమూ పోయింది. నీలిరంగు ఎల్ఈడీ కనిపెట్టిన ముగ్గురు జపాన్ శాస్త్రజ్ఞులు, అకసాకి, అమానో, నకమురా, 2014లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ నీలి వెలుగు మీద పసుపు పొడి పూస్తే తెల్లని వెలుగు వచ్చింది. తాత బ్యాటరీ బల్బు ఒక వాట్ కరెంటు తాగి ఎనిమిదో తొమ్మిదో ల్యూమెన్లిస్తే, ఇది వందకు పైగా ఇస్తుంది. అరచేతిలో పట్టే లైట్లు వేల ల్యూమెన్లు కురిపిస్తున్నాయి. సెల్‌ఫోను వెనకాల లైటుకు గిన్నె లేదు, అందుకే దూరం పోదు, వెడల్పుగా పరుచుకుంటుంది. అమ్మమ్మ కోరిన కాళ్లకాడి వెలుగు అదే. మూతి ముందుకు లాగితే దూరం, వెనక్కి తోస్తే వెడల్పు ఇచ్చేవీ ఉన్నాయి. దూరం పెట్టినప్పుడు గోడ మీద పడే ఆ చదరపు వెలుగు, లోపలి ఎల్ఈడీ ముక్క బొమ్మే.

పెట్టెల మీది అంకెల్లో ఇంకొకటి చూడవలసింది గంటలు. ప్రమాణం పాటించే కంపెనీ "8 గంటలు" అని రాస్తే, ఎనిమిది గంటలూ కొత్తలో ఉన్నంత వెలుగు ఉంటుందని కాదు. మొదటి వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా ఎనిమిది గంటలని. దూరం కూడా లైటు వెలిగించిన కొత్తలో కొలిచిందే. ప్రమాణమేదీ లేని లైట్ల పెట్టెల మీద రెండు కిలోమీటర్లని బొమ్మతో సహా ఉంటుంది. దాని లెక్క మీరే కట్టండి. రెండు కిలోమీటర్లంటే పది లక్షల కొవ్వొత్తుల తీవ్రత, నూటయాభై రూపాయలకు!

ఈ మధ్య అదే దుకాణాల్లో తలకు పట్టీతో కట్టుకునే లైట్లు బాగా పోతున్నాయి. బొగ్గుబాయిలోంచి వ్యవసాయ బాయికి వచ్చినవన్నమాట. బ్యాటరీ బరువు నడుము మీది నుంచి నుదుటి మీదికి, రెండు కిలోల నుంచి ఒక పిడికెడుకు దిగింది. మా బంధువుల ఊళ్లో ఒకామె తెల్లవారుజామున నాలుగింటికి అది కట్టుకుని బర్రె దగ్గర కూర్చుంటుంది. రెండు చేతులూ పొదుగు మీద, వెలుగు గిన్నె అంచు మీద. ఎంత దూరం కొడుతుందని అడిగాను.

"దూరమెందుకు వదినే," అన్నది, "పాల నురుగు కనబడ్తె సాలదా?"